నాన్నగారి పాత .32 పిస్టల్: అమ్మేయాలా, బాగు చేయించుకోవాలా?

ముందు మీ సంగతి నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో నగల షాపు. నాన్నగారికి డెబ్బై దాటాయి కాబట్టి ఆయన దగ్గరున్న 7.65 మి.మీ. (అంటే .32) వాల్తర్ పీపీ పిస్టల్ వారసుడిగా మీ లైసెన్సు మీదికి వచ్చింది. రాత్రి షాపు కట్టేసి క్యాష్‌తో ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరికీ కనబడకుండా వెంట ఉంచుకోవాలి. రేంజ్‌లో కాలిస్తే మాత్రం మూడో రౌండుకో నాలుగో రౌండుకో ఆగిపోతోంది. కొత్త బ్యారెల్, తేలిక ట్రిగ్గర్, లేజర్ పెట్టించి అప్‌గ్రేడ్ చేయించాలా, లేక అమ్మేసి గ్లాక్ 19 కొనుక్కోవాలా అన్నది మీ ప్రశ్న.

పోలీసు ఆయుధాల వర్క్‌షాపులో ముప్పై ఏళ్లకు పైగా ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా చేసి రిటైరయ్యాను. పిస్టల్ చేతిలో పట్టుకుని చూడకుండా తీర్పు చెప్పకూడదు గానీ, మీరు రాసిన లక్షణాలు చూస్తే జబ్బు బ్యారెల్‌లో లేదు, ట్రిగ్గర్‌లో లేదు. మ్యాగజైన్‌లోనో (తూటాలు నింపి పిడిలో పెట్టే డబ్బా), తూటాలోనో ఉంది. నాలుగైదు వేలతో పోయేదానికి లక్షలు పెట్టే ఆలోచన చేస్తున్నారు.

గ్లాక్ సంగతి ముందు తేల్చేద్దాం. మంచి పిస్టలే, కాదనను. 1982లో ఆస్ట్రియా సైన్యం గ్లాక్ 17 తీసుకున్నప్పటి నుంచి దాని పేరు పేరే. కానీ అది 9 మి.మీ. పారాబెల్లం. మన దేశంలో ఆ బోరు (తూటా సైజు) నిషేధిత బోరు, అంటే పీబీ. మీ చేతిలో ఉన్న మామూలు లైసెన్సు ఎన్‌పీబీ, అంటే నిషేధం లేని బోరుది. దాని మీద పిస్టల్ అంటే ఆచరణలో .32 అనే అనుకోండి. అమెరికా వాళ్లు తీసే వీడియోలు వాళ్ల చట్టానికి, వాళ్ల మార్కెట్‌కి సరిపోతాయి. అవి చూసి మన అబిడ్స్‌లో షాపుకి వెళ్లి అడిగితే కౌంటర్ వెనక ఉన్నాయన నవ్వి ఊరుకుంటాడు.

మరి కొత్తది కొనాలంటే ఏమున్నాయి? ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే .32 పిస్టల్ ‘అశని’ ఉంది. రివాల్వర్ అయినా సరే అనుకుంటే కాన్పూర్‌లో 2014లో వచ్చిన ‘నిర్భీక్’, 2023లో వచ్చిన ‘ప్రబల్’, ఉత్తరప్రదేశ్‌లోనే సండీలాలో తయారయ్యే వెబ్లీ ఉన్నాయి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: .32 రివాల్వర్ తూటా, .32 పిస్టల్ తూటా రెండూ వేరు. పేరు ఒకటే కదా అని ఒకదానిది ఇంకోదానికి కొంటే డబ్బులు దండగ. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి కుదరదు కాబట్టి రెండోది తీసుకోవడానికి మీకు అవకాశం ఉంది. కానీ వాల్తర్‌ని అమ్మి కొత్తది కొనడం నేనైతే చేయను. 1980ల మధ్యలో సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అందుకే పాత వాల్తర్లకు, బ్రౌనింగ్‌లకు ఇప్పటికీ అంత ధర. చేయి జారితే మళ్లీ ఆ సరుకు దొరకదు. 1929లో వచ్చిన డిజైన్ అయినా బాగా చూసుకున్న పీపీ ఈ రోజుకీ పనికొచ్చే ఆయుధమే.

ఇక అప్‌గ్రేడ్. ఈ మాట వింటేనే నాకు ఒక పాత సంగతి గుర్తొస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక అధికారి తన పిస్టల్ ట్రిగ్గర్ గట్టిగా ఉందన్నారు. నేను పెద్ద పనిమంతుడిలా హ్యామర్ (పిన్నుని కొట్టే సుత్తి) స్ప్రింగ్‌లో ఒక చుట్టు కోసి బిగించాను. ట్రిగ్గర్ వెన్నలా మారింది. ఆయన మెచ్చుకున్నారు కూడా. మరుసటి వారం రేంజ్‌లో ఐదు రౌండ్లు బాగానే పేలాయి, ఆరోదానికి ‘టిక్’ అని ఊరుకుంది. ప్రైమర్ (తూటా అడుగున మందు అంటించే బిళ్ల) మీద పిన్ను దెబ్బ గోరుతో గీరినంత లోతు కూడా లేదు. మా సీనియర్ హవల్దారు ఆ రౌండు నా అరచేతిలో పెట్టి, ‘ఇది నువ్వే దాచుకో’ అన్నాడు. ఇప్పటికీ నా టూల్ బాక్స్ మూల ఉంది, ప్రైమర్ తీసేసి. కాబట్టి తేలిక ట్రిగ్గర్ అని ఎవరైనా అంటే నేను వినను. పైగా మీ పీపీకి మొదటి రౌండు లాగుడు పొడవుగా, బరువుగా ఉంటుంది, తర్వాత రౌండ్లకు తేలికవుతుంది. ఆ మొదటి బరువే నడుము దగ్గర పెట్టుకునే పిస్టల్‌కి రక్ష.

బ్యారెల్ విషయం ఇంకా తేలిక. పీపీలో బ్యారెల్‌ని ఫ్రేమ్‌లోకి దిగ్గొట్టి పిన్ను వేసి ఉంటారు. గ్లాక్‌లో లాగా తీసి వేరేది పెట్టుకునేది కాదు. చట్టం దృష్టిలో ఆయుధం విడిభాగాలు కూడా ఆయుధమే. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరు చేయాలన్నా, మార్పు చేయాలన్నా దానికి వేరే లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. బాలానగర్‌లో లేత్ పని బాగా తెలిసిన మనిషి ఉన్నాడని తీసుకెళ్లారనుకోండి, ఆయనా మీరూ ఇద్దరూ కేసులో ఉంటారు. లేజర్ అంటారా, పీపీకి అది బిగించే చోటే లేదు. ఏ క్లాంపో పెట్టి తగిలిస్తే చొక్కాకి తట్టుకుంటుంది, హోల్‌స్టర్‌లో దిగదు. వదిలేయండి.

ఇప్పుడు అసలు జబ్బు. మీ దగ్గర ఎన్ని మ్యాగజైన్లు ఉన్నాయో రాయలేదు. నాన్నగారి కాలం నాటిది ఒకటే అయితే, అది నలభై ఏళ్లుగా ఎనిమిది రౌండ్లు నింపి బీరువాలో పడుకుని ఉంటుంది. దాన్ని ఖాళీ చేసి వెలుతురులో పట్టుకుని పైన రెండు పెదవులు చూడండి. రెండూ ఒకే ఎత్తులో, ఒకే వంపులో ఉండాలి. ఎప్పుడో ఒకసారి గచ్చు మీద పడి ఒక పెదవి వెంట్రుక వాసి తెరుచుకున్నా చాలు, రౌండు ముక్కు ఎత్తాల్సిన దానికంటే ఎక్కువ ఎత్తి, ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) పోకుండా దాని పై అంచుకి గుద్దుకుంటుంది. తర్వాత లోపలి పలకను బొటనవేలితో కిందికి నొక్కి వదలండి. టక్కున పైకి రావాలి. బద్ధకంగా వచ్చినా, మధ్యలో ఎక్కడైనా గీరుకున్నా స్ప్రింగ్ పోయినట్టే, లేదా గొట్టం లోపల తుప్పు ఉన్నట్టే. చివరి ఒకటి రెండు రౌండ్ల దగ్గర ఆగితే స్ప్రింగ్ మీద అనుమానం. మీలాగా మధ్యలో ఆగితే నా అనుమానం ఇంకోటి.

.32 పిస్టల్ తూటా 1899లో జాన్ బ్రౌనింగ్ అనే డిజైనర్ చేసినది. దాని అడుగు అంచు కేసు (తూటా లోహపు గొట్టం) కంటే కొంచెం బయటికి వచ్చి ఉంటుంది. కొంచెమే, వేలితో తడిమితే తెలుస్తుంది. మ్యాగజైన్‌లో పై రౌండు అంచు కింద రౌండు అంచుకి ముందుండాలి. వెనక్కి పోయిందనుకోండి, స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) దాన్ని ముందుకు తోసినప్పుడు కింద అంచుకి కొక్కెం పడిపోతుంది. దీన్నే రిమ్ లాక్ అంటారు. ఇది పడిందంటే మ్యాగజైన్ కింద అరచేత్తో కొట్టి స్లైడ్ లాగినా పోదు. మ్యాగజైన్ బయటికి తీసి, చిక్కుకున్న రౌండుని వేలితో విడదీయాల్సిందే. గొడవ మధ్యలో ఆ పని ఎవరి వల్లా కాదు.

ముక్కు గుంటగా ఉండే తూటా మామూలు రాగి తొడుగు తూటా కంటే పొట్టిగా ఉంటుంది. అందుకని మ్యాగజైన్‌లో ముందుకీ వెనక్కీ జరగడానికి చోటు దొరుకుతుంది. కొక్కెం ఎక్కువగా పడేది వాటితోనే. మీ దగ్గర ఏవైనా అలాంటివి ఉంటే ఈ పిస్టల్‌లో వాడకండి. గుండ్రని ముక్కు, పూర్తి తొడుగు, బుల్లెట్ బరువు 71 గ్రెయిన్లు, అంతే. ఖడ్కీ ఫ్యాక్టరీ ‘కేఎఫ్’ ముద్ర ఉన్నవి వాడండి, లేదా డీలర్ దగ్గర దొరికే విదేశీవి వాడండి. కానీ వెంట పెట్టుకునేదీ రేంజ్‌లో కాల్చేదీ ఒకటే రకం అయితే మంచిది. వేర్వేరు డబ్బాల్లో మిగిలిన రౌండ్లు ఒకే మ్యాగజైన్‌లో కలిపేయడం చాలామంది చేస్తారు. అప్పుడు జామ్ అయితే కారణం పట్టుకోవడం బ్రహ్మ వల్ల కూడా కాదు. నింపేటప్పుడు ఒక్కో రౌండు ఎక్కించగానే అంచు ఎక్కడ ఆగిందో కన్నుతో చూడండి. ఎనిమిదికి బదులు ఏడే నింపండి. ఒక రౌండు తగ్గితే కొంప మునగదు.

మీ పిస్టల్ బ్లోబ్యాక్ పద్ధతి. అంటే బ్యారెల్ కదలదు, స్లైడ్ బరువు, బ్యారెల్ చుట్టూ ఉన్న రికాయిల్ స్ప్రింగ్ బలం, ఈ రెండే పేలుడుని ఆపుతాయి. ఆ స్ప్రింగ్ నలభై ఏళ్ల నాటిదైతే మార్చండి, ఆలోచించొద్దు. మెత్తబడిన స్ప్రింగ్‌తో స్లైడ్ వెనక్కి గట్టిగా కొట్టుకుంటుంది, ముందుకి మాత్రం నీరసంగా వెళుతుంది. ఖాళీ కేసు స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం (ఖాళీ కేసుని బయటికి లాగేది) కింద చూడండి. పాత నూనె, దుమ్ము కలిసి నల్లటి ముద్దలా పేరుకుని ఉంటుంది. అగ్గిపుల్ల కొసతో తీస్తే వస్తుంది. ఆయుధాల రిపేరుకి లైసెన్సున్న డీలర్ దగ్గర స్ప్రింగులు మార్పించి, బిల్లు మీద పిస్టల్ నంబరు వేయించుకుని దాచండి.

ఇంట్లో మీరే చేసుకోగల పరీక్ష ఒకటి చెప్తాను. మ్యాగజైన్ తీసేయండి, స్లైడ్ లాగి ఛాంబర్ కన్నుతో చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి రండి. పిస్టల్ మూతి పైకి పెట్టి, బ్యారెల్‌లోకి ఒక పెన్సిల్ రబ్బరు వైపు కిందికి ఉండేలా జారవిడవండి. హ్యామర్ వెనక్కి లాగి ఉంచి సేఫ్టీ మీటని కిందికి నొక్కండి. హ్యామర్ పడుతుంది, పెన్సిల్ మాత్రం కదలకూడదు. కదిలిందంటే సేఫ్టీ అరిగిపోయినట్టు, ఆ పిస్టల్ తూటాతో నడుముకి పెట్టుకోవద్దు, నేరుగా డీలర్ దగ్గరికి. తర్వాత సేఫ్టీ తీసి ట్రిగ్గర్ నొక్కండి. ఈసారి పెన్సిల్ ఎగిరిపడాలి. ఎగరకపోతే ఫైరింగ్ పిన్ దారిలో మురికి ఉంది.

మీకు పనికొచ్చే అప్‌గ్రేడ్లు చాలా చిన్నవి. కొత్త మ్యాగజైన్లు రెండు, దొరికితే మూడు. వాటి అడుగున తెల్ల పెయింటుతో ఒకటి, రెండు, మూడు అని రాయండి. ఏది మొరాయిస్తుందో అప్పుడే తెలుస్తుంది. ముందు సైట్ మీద తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి, ఇంట్లో ఆడవాళ్లని అడిగితే నవ్వుతారు, అయినా పెట్టండి. పీపీ ప్లాస్టిక్ గ్రిప్పులు వయసుతో స్క్రూ దగ్గర పగులుతాయి, పగిలి ఉంటే మార్చండి. అరచేయి కండ ఎక్కువున్నవాళ్లకి స్లైడ్ వెనక్కి వచ్చేటప్పుడు బొటనవేలి మూల కోసుకుంటుంది, పట్టు ఒక పావు అంగుళం దించుకుంటే సరిపోతుంది. ఇంతే.

మిగిలిన డబ్బు హోల్‌స్టర్ మీద పెట్టండి. సరైన హోల్‌స్టర్ లేకపోతే ఎంత మంచి పిస్టల్ అయినా బరువే. మీ పీపీ ఖాళీగానే ఏడు వందల గ్రాములకు కాస్త తక్కువ. నిండితే మెత్తటి బెల్టుని కిందికి లాగుతుంది, మీరు మాటిమాటికీ ప్యాంటు పైకి లాక్కుంటారు. ఆ లాక్కోవడమే బయటివాళ్లకి చూపించడం. గట్టి తోలు బెల్టు, దానికి బిగిసే హోల్‌స్టర్, ట్రిగ్గర్ గార్డు మొత్తం మూసుకోవాలి. జేబులో తాళాలతో పాటు వేయడం, ప్యాంటు నడుములో ఊరికే దోపడం రెండూ వద్దు.

మీరు షాపులో గద్దె మీద మఠం వేసుకుని కూర్చుంటారు కదా, అది కుర్చీలో కూర్చునేవాళ్ల సమస్య కాదు. ముందు వైపు పెడితే బ్యారెల్ తొడకి గుచ్చుకుంటుంది, వెనక మధ్యలో పెడితే గోడకి ఆనుకున్నప్పుడు వెన్నుకి. కుడి తుంటి వెనక, గడియారంలో నాలుగు చూపించే చోట పెట్టి, ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో గంటసేపు కింద కూర్చుని చూడండి. స్కూటర్ మీద వంగినప్పుడు చొక్కా పైకి లేస్తుందేమో అద్దం ముందు చూసుకోండి, లేదా ఎవరినైనా వెనక నిలబడి చూడమనండి. టక్ చేయని వదులు చొక్కా, ముదురు రంగు, గళ్లు లేదా చారలు. పల్చటి తెల్ల లాల్చీ కింద నల్ల పిస్టల్ దాగదు.

చెమట సంగతి హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు. మే నెలలో మధ్యాహ్నం షాపు నుంచి బ్యాంకుకి నడిచి వస్తే నడుము దగ్గర చొక్కా పిండితే నీళ్లు కారతాయి. ఆ ఉప్పు నీలి రంగు ఉక్కుని వారంలో తినేస్తుంది, శరీరం వైపు ఉన్న స్లైడ్ మొదట మచ్చలు పడుతుంది. రాత్రి ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి, నూనె తడిపిన చిందీతో ఒక్కసారి రాయండి. పూతలాగా, తడిలాగా కాదు. కారే నూనె తూటా ప్రైమర్‌లోకి పాకితే తూటా చచ్చిపోతుంది. పిస్టల్‌ని తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచి బీరువాలో పెట్టకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది. రోజూ వెంట తిప్పే రౌండ్లని ఏడాదికోసారి రేంజ్‌లో కాల్చేసి కొత్తవి పెట్టండి. ఒకే రౌండుని రోజూ ఛాంబర్‌లోకి ఎక్కించి తీస్తుంటే బుల్లెట్ కేసులోకి దిగిపోతుంది, దానితో పేలుడు ఒత్తిడి పెరుగుతుంది. డబ్బాలో కొత్త రౌండు పక్కన పెట్టి పొడవు చూస్తే తెలుస్తుంది.

ఛాంబర్‌లో రౌండుతో తిరగాలా వద్దా అని మీరు అడగలేదు, కానీ అందరూ చివరికి అడిగేదే. పెన్సిల్ పరీక్ష రెండుసార్లు పాసై, చేతికి అలవాటయ్యేదాకా ఛాంబర్ ఖాళీగానే ఉంచండి. బ్రౌనింగ్ 1910 లాంటి ఇంకా పాత పిస్టల్ ఉన్నవాళ్లు ఎప్పటికీ ఖాళీగానే ఉంచడం నయం, కింద పడితే పిన్నుని ఆపే ఏర్పాటు వాటిలో లేదు.

చట్టం గురించి రెండు మాటలు. దాచి పెట్టుకోవడం మన దగ్గర ఇష్టం కాదు, నియమం. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో చిన్న ఆయుధం హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మెట్రో ఎక్కాలంటే పిస్టల్ ఇంట్లో పెట్టి వెళ్లండి. మీ లైసెన్సు ఏ ప్రాంతం దాకా చెల్లుతుందో ఆ గడి చదువుకోండి, కర్ణాటకలోనో మహారాష్ట్రలోనో సరుకు కొనడానికి వెళ్లినప్పుడు అదే అడ్డం వస్తుంది. 2024 జూలై 1 నుంచి ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. ఒకసారి తెలిసిన లాయర్ దగ్గర కూర్చుని చదివించుకోండి. అవసరానికి మించి హాని చేసే హక్కు అందులో లేదు. బ్యాగు లాక్కుని పారిపోయేవాడి వీపు మీద కాల్చాక, తర్వాత పదేళ్లు కోర్టు చుట్టూ తిరిగేది మీరే. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయమని పిలుపు వస్తే ముందు రోజు రాత్రి బ్యారెల్‌లోకి నూనె పట్టించి ఇవ్వండి, రసీదులో మ్యాగజైన్ల సంఖ్య కూడా రాయించుకోండి. తుడవకుండా ఇచ్చి, రెండు నెలల తర్వాత తుప్పుతో తెచ్చుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఎంతమందో.

ఇక పరీక్ష. బయటి దేశాల్లో వెంట పెట్టుకునే పిస్టల్‌ని రెండు వందల రౌండ్లు ఆగకుండా కాల్చి చూడమంటారు. మీ లైసెన్సులో ఏడాదికి ఎన్ని రౌండ్లని రాసి ఉందో దాన్నిబట్టి అది కుదరకపోవచ్చు. స్ప్రింగులు మార్చి, కొత్త మ్యాగజైన్లు వచ్చాక ఒకే రకం తూటాలతో యాభై కాల్చండి. ఒక్కటి ఆగినా మళ్లీ మొదటి నుంచి లెక్క. ఇరవై ఐదు రెండు చేతులతో, పది కుడి చేత్తోనే, మిగిలినవి హోల్‌స్టర్‌లోంచి నెమ్మదిగా తీసి. మణికట్టు వదులుగా పట్టుకుంటే బాగున్న పిస్టల్ కూడా జామ్ అవుతుంది, కాబట్టి రేంజ్‌లో ఇంకొకరి చేత కూడా ఒక మ్యాగజైన్ కాల్పించండి. వాళ్ల చేతిలో ఆగకుండా మీ చేతిలోనే ఆగితే జబ్బు పిస్టల్‌ది కాదు. ఖాళీ కేసులు ఏరి లెక్కపెట్టి తెచ్చుకోండి, తర్వాత తూటాలు కొనేటప్పుడు ఆ లెక్క అడుగుతారు.

ఆ రోజు జేబులో చిన్న నోట్ బుక్ పెట్టుకోండి. ఆగినప్పుడల్లా మ్యాగజైన్ నంబరు, ఎన్నో రౌండు, రౌండు ముక్కు ర్యాంప్‌కి (ఛాంబర్‌లోకి దారి చూపే వాలుకి) గుద్దుకుందా, అంచులు కొక్కెం పడ్డాయా, ఖాళీ కేసు ఇరుక్కుందా అని రాయండి. కదిలించకముందే ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, మూతి టార్గెట్ వైపే ఉంచి. ఆ వివరాలు పంపితే ఏ భాగం మార్చాలో చెప్పగలను.